బడిలో అమ్మ అనకూడదు

2023 జూన్. బడులు తెరిచిన మొదటి వారం. ఏర్పేడు పక్కన ఒక చిన్న పల్లెలో ప్రాథమిక పాఠశాల, దానికి నేను హెచ్.ఎం.ని. హెచ్.ఎం. అంటే హెడ్‌మిస్ట్రెస్. పేరు పెద్దదే గానీ, మూడు గదుల బడిలో హెచ్.ఎం. అంటే ఏందో చెప్తా వినండి. నాలుగు, అయిదు తరగతులకు పాఠం చెప్పేదీ ఆమే, మధ్యాహ్న భోజనానికి వచ్చిన గుడ్లల్లో పగిలినవి ఏరేదీ ఆమే, మరుగుదొడ్డి కడిగినాక ఫోటో తీసి యాప్‌లో పెట్టేదీ ఆమే. ఆ ఫోటోలో బక్కెట్టు కనపడకపోతే మళ్ళా తీయల్ల.

ఇంకొక పని గూడా నాదే. సాయంత్రం బెల్లు కొట్టినాక స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో ఆ దినం అప్‌డేట్ పెట్టేది. దాంట్లో మూడు భాగాలు. ఫెసిలిటీస్ అంటే కొళాయిలు, ఫ్యాన్లు, దొడ్లు ఎట్లుండాయో. బిహేవియర్ అంటే పిలకాయలు ఎట్ల నడుచుకున్నారో. రిసోర్సెస్ అంటే సుద్దముక్క నించి స్మార్ట్ టీవీ దాకా ఏముండాదో, ఏం లేదో. గ్రూపులో ఉండేది ముగ్గురు టీచర్లం, ఆయా, బడి కమిటీ చైర్మన్. "గట్టిగా పిలిస్తే పలికేదానికి గ్రూపెందుకు మేడమ్?" అని మూడో తరగతి చూసే మునిరత్నం సారు ఎగతాళి చేసేవాడు. చేస్తే చేసినాడు. ఆ నాలుగు ముక్కలు రాస్తా ఉంటే ఈ బడి నాది అనిపించేది నాకు.

నిజంగానే నాది అనుకున్నాను. తిరపతిలో బస్సెక్కి, ఏర్పేడులో దిగి, ఆటో పట్టుకోని బడికాడికి చేరేసరికి పిలకాయలు నా బ్యాగు కోసం కొట్లాడుకునేవాళ్ళు. ఊర్లో మొదటి జామకాయ నాకే వచ్చేది. మల్లెపూలు తెచ్చే ఆడపిలకాయలు కొప్పులో ఎవురు పెట్టల్ల అని వంతులేసుకునేవాళ్ళు. నాకు బిడ్డల్లేరు. ఆ మాట నేను ఎప్పుడూ పెద్దగా అనుకోలేదు, అనుకునేదానికి తీరిక ఉంటే గదా.

ఆ జూన్‌లోనే ట్రాన్స్‌ఫర్ మీద కెజియా వచ్చింది. ముప్పై దాటిన వయసు, సన్నగా ఉంటాది, స్కూటీ మీద వస్తాది, గొంతు ఎత్తి పాడితే రోడ్డుమీద పోయేవాళ్ళు ఆగుతారు. ఒకటి, రెండు తరగతులు ఆమెకిచ్చినాను. వచ్చిన వారంలోనే గదిని పెళ్ళి పందిరి మాదిరి చేసేసింది. టి.ఎల్.ఎం. అని మా వృత్తిలో ఒక మాట ఉండాది. పాఠం అర్థమయ్యేదానికి టీచరు చేసుకునే బొమ్మలు, చార్టులు, కార్డులు. మేమూ చేస్తాం, ఆఫీసర్లు వచ్చేటప్పుడు. ఆమె దినామూ చేస్తాది. అక్షరాల చిలకలు, అంకెల రైలుబండి, తెరిస్తే నోరు తెరిచే మొసలి. ఇక మా స్మార్ట్ టీవీ. దుమ్ము పడతాదని నేను దానికి గుడ్డ కప్పి, గుడ్డమీద పసుపూ కుంకుమా పెట్టి భద్రంగా దాచినాను. ఆయమ్మ వచ్చి గుడ్డ పీకేసి, ఏందో నొక్కింది. టీవీలో ఏనుగు నడిచింది. పిలకాయలు చప్పట్లు. మునిరత్నం సారు గూడా చప్పట్లు.

కుళ్ళు అంటే ఏందో నాకు తెలుసు అనుకుంటి ఆ దినం దాకా. తోడికోడలు కొత్త చీర కడితే వచ్చేది కుళ్ళు కాదమ్మా, అది ఊరికే దురద. గోక్కుంటే పోతాది. కుళ్ళంటే అన్నం ముందర పెట్టుకోని గూడా గొంతు దిగకపోవడం. మనల్ని ఎవురూ తిట్టలేదు, కొట్టలేదు, మన కుర్చీ మనకే ఉండాది. అయినా ఏదో పోయినట్టే ఉంటాది.

సీతాఫలాల కాలం వచ్చింది. నా అయిదో తరగతి పిల్లోడు ఒకడు చొక్కానిండా కాయలు పోసుకోని, నా గది ముందరే నడిచి పోతాండాడు.

"యాడికిరా?" అన్నాను.

"కెజియా మేడమ్‌కు మేడమ్."

"అన్నీనా?"

వాడు రోంతసేపు ఆలోచించినాడు. "మీకు తీపి పడదని మా అమ్మ చెప్పింది మేడమ్."

వాళ్ళమ్మకు ఎవురు చెప్పినారో నాకు షుగరని! నాకు ఏ షుగరూ లేదు. "పో పో, కింద పడేసుకోవాకు" అన్నాను. వాడు అటు పోయినాక మునిరత్నం సారు పక్కగదిలో నించి, "కొత్తొక వింత, పాతొక రోత మేడమ్" అన్నాడు.

"రోత ఎవురు సార్?"

"నన్నే అనుకుంటి మేడమ్" అనేసి సుద్దముక్క వెతుక్కుంటా లోపలికి తప్పుకున్నాడు.

కెజియాకు ఒక కూతురు. ప్రిస్కిల్లా, మేమంతా ప్రిస్సీ అంటాం. ఏడేళ్ళు, రెండో తరగతి. సర్కారు టీచర్లే తమ బిడ్డల్ని ప్రైవేటు బళ్ళల్లో వేస్తారు అని ఊరూరా ఆడిపోసుకుంటారు గదా, కెజియా మాత్రం బిడ్డను తన బడిలోనే, తన తరగతిలోనే చేర్చింది. దానికి నేను గూడా మెచ్చుకున్నాను, పైకి. మొగుడు చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, ఆదివారం ఆదివారం వచ్చి పోతాడు. అత్త చిత్తూరులోనే ఉంటాది. చేరిన కొత్తల్లోనే కెజియా నాకు చెప్పింది: "మా అత్తకు ఇది ఇష్టం లేదు మేడమ్. పాప మీద ఒక్క మాట వచ్చినా తీసకపోయి చిత్తూరులో పెద్ద బడిలో వేస్తాను, నా కాడే పెట్టుకుంటాను అంటాండాది. ఆయన గూడా అమ్మ మాటే. ఒక్క మాట రాకుండా చూసుకోవల్ల." అంటే ప్రిస్సీ మీద ఒక చెడ్డమాట బయటికొస్తే, ఆ పాప తల్లిని వదిలేసి చిత్తూరు పోవల్సిందే.

అందుకని కెజియా ఒక రూలు పెట్టింది. బడిలో అమ్మ అనకూడదు, టీచర్ అనల్ల. ఇది కొత్తేమీ కాదు, బిడ్డల్ని సొంత బడిలో వేసుకున్న టీచరమ్మలు చానామంది పెట్టే రూలే. అయితే కెజియా దాన్ని గీత దాటనీదు. గుడ్డు పంచితే ప్రిస్సీకి ఆఖర. చెయ్యెత్తితే ప్రిస్సీని ఆఖర అడుగుతాది. కొత్త పుస్తకాలొస్తే అట్ట ఊడిన పుస్తకం ప్రిస్సీకి. నేనొకసారి అడిగినాను, ఎందుకమ్మా అట్ల అని. "తాటిచెట్టు కింద కూర్చోని పాలు తాగినా కల్లే అంటారు మేడమ్. నా బిడ్డకు నేనే ముందిస్తే ఊరు గమ్మునుంటాదా?" అనింది. న్యాయమే గదా అని నేనూ ఊరుకుంటి.

ఒక పొద్దున ప్రేయరుకు ముందు ప్రిస్సీ గేటుకాడ కంకరలో బోర్లా పడింది. మోకాలు చీరుకోని నెత్తురు. "అమ్మా!" అని అరిచింది. కెజియా పరిగెత్తుకోని వచ్చింది. వచ్చి, రెండడుగుల దూరంలో నిలబడిపోయింది. పిలకాయలందరూ చూస్తాండారు.

"ఏమనల్ల?" అనింది మెల్లిగా.

పాప పెదవి బిగబట్టింది. "టీచర్" అనింది.

అప్పుడు ఎత్తుకోని కడిగి, పసుపు పెట్టింది. పెట్టేంతసేపూ ఆమె కొంగు పట్టుకోని వెన్నెల నిలబడి ఉండాది. వెన్నెల ఒకటో తరగతి పిల్ల. వాళ్ళమ్మ మామిడితోటల్లో కూలికి పోతాది, తెల్లారకముందే ట్రాక్టరెక్కేస్తాది. బడికొచ్చిన మొదటి దినం నించీ వెన్నెల కెజియా కొంగు వదల్లేదు. కెజియా గూడా వదిలించుకోలేదు, పాపం తల్లి దగ్గర లేని పిల్ల అని. ఆ వెన్నెలను ప్రిస్సీ చూసిన చూపు నేను చూసినాను. అయితే పట్టించుకోలేదు. అప్పుడు నా ఏడుపు నాది.

దసరా సెలవులు అయినాక బడిలో వస్తువులు పాడయ్యేది మొదలయింది. ముందు రీడింగ్ కార్నర్‌లో బొమ్మల పుస్తకం చినిగింది. తరవాత చేతులు కడుక్కునే కొళాయి ఎవురో తిప్పి వదిలేసినారు, ట్యాంకు ఖాళీ, మధ్యాహ్నం పళ్ళేలు కడిగేదానికి నీళ్ళు లేవు. మళ్ళా అక్షరాల చిలకలకు తోకలు లేవు. ఒక్కటి గమనించండి, పాడయ్యేవన్నీ కెజియా చేసినవో, కెజియా తెచ్చినవో, కెజియా గది దగ్గరవో. నా గదిలో ఒక్క సుద్దముక్క గూడా పోలేదు.

దినామూ సాయంత్రం అప్‌డేట్ రాసేటప్పుడు ఎంత సమ్మగా ఉన్నిందో చెప్పలేను. "రిసోర్సెస్: ఒకటి, రెండు తరగతుల చిలకల చార్టు పాడయినది. సంబంధిత ఉపాధ్యాయురాలు శ్రద్ధ వహించగలరు." వహించగలరు అని రాసి, ఇంకోసారి చదువుకోని, పంపించి, ఆటో ఎక్కేదాన్ని. ఆ మాదిరి తెలుగు నాకు మామూలు దినాల్లో రానే రాదు.

కెజియా కుమిలిపోయింది. ఒక దినం స్టాఫ్ రూములో, అంటే నా గదిలోనే బీరువా ఇవతలి పక్క, కూర్చోని ఏడ్చింది. కళ్ళు తుడుచుకోని గట్టిగా చెప్పింది: "ఎవురు చేస్తాండారో పట్టుకోవల్ల మేడమ్. పట్టుకోని పేరు గ్రూపులో పెట్టండి. ప్రేయర్‌లో నిలబెట్టి తల్లిదండ్రుల్ని పిలిపిద్దాం. ఎవురి బిడ్డయినా సరే."

"ఎవురి బిడ్డయినా సరేనా?" అన్నాడు మునిరత్నం సారు. ఆయనకు తెలిసి అన్నది కాదు, ఊరికే మాటకు మాట.

"ఎవురి బిడ్డయినా సరే సార్" అనింది.

తరవాతి వారమే పట్టుకున్నాను. భోజనాల బెల్లు కొట్టినారు, పిలకాయలందరూ వరండాలో పళ్ళేల ముందర. నేను కళ్ళద్దాలు మరిచిపోయి గదికి తిరిగి వస్తాంటే, వెనక పక్క కొళాయి చప్పుడు. పోయి చూస్తే ప్రిస్సీ. అంకెల రైలుబండి చార్టు, కొత్తది, ముందురోజే గోడకు ఎక్కింది, దాన్ని నీళ్ళ కింద పెట్టి పట్టుకోనుండాది. రంగులన్నీ కారి గౌను మీదికి, కాళ్ళమీదికి. దాచుకునే ప్రయత్నం గూడా చెయ్యలేదు. దొంగకు తేలు కుట్టినట్టు అంటారే, అట్లయినా లేదు. కొళాయి కట్టేసి, నా దిక్కు చూసి నిలబడింది.

"ఎందుకే?" అన్నాను.

గౌను మీద కారిన రంగు అరచేత్తో తుడుచుకుంది.

"మీ అమ్మ ఎంత కష్టపడి గీసిండాదో తెలుసా?"

"తెలుసు" అనింది. "నేనూ చూస్తాంటి. నాకు కత చెప్పమంటే, రైలుబండి అయిపోనీ అనింది. రైలుబండి అయిపోతే, ఇంజనుకు రంగేసి చెప్తా అనింది. నేను నిద్దరపోయినాను."

"అయితే నీళ్ళల్లో పెడతావా?"

"ఈడ టీచరు అనమంటాది. ఇంట్లో గూడా టీచరే" అనింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు సులభంగా ఉండేది.

నా చేతిలో ఫోన్ ఉండాది. నిజం చెప్తాండాను, నా వేళ్ళు వాటంతట అవే టైప్ చేసినాయి. "బిహేవియర్: టి.ఎల్.ఎం. పాడు చేస్తున్న విద్యార్థిని గుర్తించబడినది. పేరు ప్రిస్కిల్లా, రెండవ తరగతి." పంపించే బాణం గుర్తు మీద బొటనవేలు ఉండాది. నొక్కితే నాది తప్పుగూడా కాదు. ఆయమ్మే గదా చెప్పింది, ఎవురి బిడ్డయినా సరే అని! పందిరి కూలిపోతాది. స్మార్ట్ టీవీకి మళ్ళా గుడ్డ కప్పుకోవచ్చు. జామకాయలు నా బల్లమీదికి తిరిగొస్తాయి.

"గ్రూపులో పెడతాండారా మేడమ్?" అనింది ప్రిస్సీ. "ఆదివారం నాయన వచ్చి అమ్మ ఫోను చూస్తాడు. అవ్వకు చెప్తాడు."

"చెప్తే?"

"నన్ను చిత్తూరు తీసకపోతారు." తడిసిన చార్టు దిక్కు చూసింది. "అప్పుడు అమ్మ దగ్గర వెన్నెలే ఉంటాది."

ఆ ఆఖరి మాట నాకు తగలాల్సిన చోట తగిలింది. చిత్తూరు పోవడం గాదు ఆ పిల్ల భయం. తను లేని జాగాలో ఇంకొకరు ఉంటారే, అదీ భయం. నా బల్లమీది సీతాఫలాలు ఇంకొక బల్లమీదికి పోయినప్పుడు నాకు కలిగింది అదే గదా? నేను యాభై దాటినదాన్ని, అది పాలపళ్ళు ఊడే పిల్ల, ఇద్దరికీ పట్టింది ఒకే రోగం. నాకు జీతమూ కుర్చీ ఉండాయి కాబట్టి చార్టులు తడపలేదు, అంతే తేడా. టైప్ చేసిందంతా తుడిపేసినాను.

కెజియాకు చెప్పేదానికి మనసు రాలేదు. ఆమె న్యాయం నాకు తెలుసు. తెల్లారితే తానే ప్రేయర్‌లో బిడ్డను నిలబెట్టి, తానే తల్లిదండ్రుల వరసలో పోయి నిలబడి, తానే చిత్తూరుకు బస్సెక్కించే రకం. అందుకని ప్రిస్సీ కాళ్ళు కడిగి, "రేపటి నించి మధ్యాహ్నం నా దగ్గరికి రా, నీకొక పనుండాది" అన్నాను.

పని ఏందంటే అప్‌డేట్. నాతో కలిసి బడంతా తిరగల్ల. కొళాయిలన్నీ తిప్పి చూడల్ల, దొడ్లో బక్కెట్టు ఉండాదో లేదో చూడల్ల, రీడింగ్ కార్నర్‌లో పుస్తకాలు సర్దల్ల. తిరిగొచ్చి నాకు చెప్పల్ల, నేను రాస్తాను. రెండో దినానికే నా కన్నా గట్టి హెచ్.ఎం. అయికూర్చుండాది. "మూడో కొళాయి ముక్కుతాండాది మేడమ్, రాయండి." "బిహేవియర్ ఏం రాయల్ల?" అంటే, వేలు గడ్డం మీద పెట్టుకోని, "ఈ పొద్దు ఎవురూ గలాటా చెయ్యలా. నేను గూడా" అనింది. నేను అట్లే రాసినాను. మునిరత్నం సారు కింద నవ్వే బొమ్మ పెట్టినాడు. ఆ తరవాత బడిలో ఒక్క కాగితం చిరగలేదు.

పాప నాకు అతుక్కుపోయింది. భోజనం నా పక్కన. సీతాఫలాలు పోతే పోనీ, ఈ పిల్ల పళ్ళెంలో సాంబారన్నం నేను కలిపి పెడతాండాను. నా కొప్పులో పువ్వు జారితే అదే సర్దుతాది. చెప్పుకోకూడదు గానీ చెప్తాను, కెజియా గది గుమ్మం ముందర పనిలేకపోయినా ఆ పాప చెయ్యి పట్టుకోని నాలుగుసార్లు తిరిగేదాన్ని. ఆమె పాఠం చెప్తా చెప్తా మా దిక్కు చూసేది. సుద్దముక్క ఆగేది. ఆహా అనిపించేది.

ఒక శనివారం బెల్లు కొట్టినాక కెజియా నా గదిలోకొచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేడమ్, పాపను మీరు పనిలో పెట్టుకున్నారా?"

"పనేందమ్మా, ఊరికే తోడు తిరుగుతాది."

"ఇంట్లో అన్నం పెడితే, హెచ్.ఎం. మేడమ్ ఇట్ల కలపదు అంటాది. జడేస్తే, హెచ్.ఎం. మేడమ్ జడ ఇంకా నున్నగా ఉంటాది అంటాది. రాత్రి కత చెప్తా రమ్మంటే…" కొంగు వేలికి చుట్టుకుంది. "హెచ్.ఎం. మేడమ్ చెప్పేసింది, నాకు తెలుసు అనింది. మీరెప్పుడు చెప్పినారు మేడమ్ కతలు? అది నా బిడ్డ మేడమ్!"

ఆమె మొగం ఎర్రగా కందిపోయి ఉండాది. ఆ మొగం చూసేదానికి నేను ఎన్ని నెలలు ఎదురుచూసినాను! కుళ్ళు. అచ్చమైన కుళ్ళు. నాకు రావల్సింది ఎవురికో పోయింది అనే కుళ్ళు. లోపల్లోపల లడ్డు తిన్నట్టే ఉన్నింది. కాకపోతే ఆ రుచి చానాసేపు నిలవలేదు. ఎందుకంటే ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి, ఆ నీళ్ళు నామీద కోపానికి వచ్చినవి కావు.

లేచి తలుపు దగ్గరికేసినాను. అంతా చెప్పేసినాను. చిలకల తోకలు, కొళాయి, రైలుబండి. వింటా వింటా ఆమె కుర్చీలో కూలబడింది.

"నా బిడ్డా?"

"నీ బిడ్డే."

"గ్రూపులో పెట్టినారా?"

"పెట్టలేదు. ఎప్పటికీ పెట్టను."

"నేనే గదా ఎవురి బిడ్డయినా సరే అనింటి…" తల పట్టుకుంది. "నేనేం తక్కువ చేసినాను మేడమ్ దానికి?"

"తక్కువ చెయ్యలేదమ్మా, ఆఖర చేసినావు. గుడ్డు ఆఖర, పుస్తకం ఆఖర, ఇంటికి పోతే కత గూడా రైలుబండి తరవాత. బడిలో అమ్మ అనకూడదని యా జీ.ఓ.లో ఉండాది? నువ్వు రాసిందే గదా, నువ్వే కొట్టెయ్యి."

జీ.ఓ. అంటే సర్కారు ఉత్తర్వు, మేము దేనికైనా దాన్నే చూపిస్తాము. ఆమె మాత్రం తల అడ్డంగా ఊపింది. "ఊరికి నేనేం చెప్పేది మేడమ్? రూలు తీసేసిన రోజు నించే లెక్కలేస్తారు, టీచరు బిడ్డకు ఎన్ని మార్కులు, ఎన్ని గుడ్లు అని. ఆ మాట మా అత్త దాకా పోతాది." ఏమీ తేల్చకుండానే పోయింది. ఊరి నోటికి అంత భయపడే మనిషికి నేనేం చెప్పగలను, నా గదిలో కూర్చోని?

నెలాఖరుకు మా బడిలో కాంప్లెక్స్ మీటింగు. చుట్టుపక్కల బళ్ళ టీచర్లందరూ ఒక బడికి చేరి, ఒకరు పిలకాయలకు పాఠం చెప్పి చూపిస్తే మిగతావాళ్ళు చూసే మీటింగు. మండల ఆఫీసరు గూడా వచ్చినాడు. పాఠం చెప్పేది ఎవురు? ఇంకెవురు, కెజియానే. గది వెనకాల బెంచీల నిండా టీచర్లు. కమిటీ చైర్మన్, ఇద్దరు ముగ్గురు తల్లులు గూడా కిటికీ కాడ. ప్రిస్సీ నా పక్కన, గుమ్మం దగ్గర కింద కూర్చోనుండాది. తన వరసలోకి పోనే లేదు.

పాఠం 'మా ఇల్లు'. ఇంట్లో ఎవురు ఏం పని చేస్తారో ఒక్కొక్కరు లేచి చెప్పల్ల. "మా నాయన ట్రాక్టరు తోల్తాడు." "మా అవ్వ మేకల్ని మేపుతాది." వెన్నెల లేచి, "మా అమ్మ మామిడికాయలు కోస్తాది, ఇంకా చాలా కోస్తాది" అంటే బెంచీలమీద అందరూ మెచ్చుకున్నారు. కెజియా చేతిలో సన్న కట్టె పట్టుకోని, నవ్వుతా, ఒక్కొక్క వరసా ముగించింది. అయిపోయింది అనుకుంటా ఉంటే గుమ్మం దిక్కు చూసి, "ప్రిస్సీ, నువ్వు చెప్పమ్మా" అనింది.

ప్రిస్సీ లేచి నిలబడింది. బడి రూలు గుర్తు చేసుకోనింది కాబోలు, చేతులు కట్టుకుంది.

"మా ఇంట్లో టీచర్ వంట చేస్తాది" అనింది. "టీచర్ గుడ్డలు ఉతుకుతాది. టీచర్ చార్టులు గీస్తాది. నేను పడుకుంటాను."

బెంచీలన్నీ నవ్వినాయి. ఆఫీసరు గూడా నవ్వినాడు, "క్రమశిక్షణ అంటే ఇదీ!" అని. నేను నవ్వలేదు. మునిరత్నం సారు గూడా నవ్వలేదు. కెజియా నవ్వబోయి, నవ్వలేకపోయింది. చేతిలో కట్టె బల్లమీద పెట్టేసి, అంతమంది ముందర నేలమీద మోకాళ్ళేసుకోని కూర్చునింది.

"అమ్మ అను" అనింది. "ఈడ గూడా అమ్మనే. ఇట్ల రా."

కిటికీ కాడ తల్లులు మొగాలు మొగాలు చూసుకున్నారు. ఆ పిల్ల పరిగెత్తుతాది అనుకుంటి. పరిగెత్తలేదు. తలతిప్పి నా దిక్కు చూసింది, పోవచ్చునా అని అడిగినట్టు. ఒక్క గడియ, ఒకే ఒక్క గడియ, పోవద్దు అని చెప్పాలనిపించింది నాకు. దేవుడి సాక్షిగా అనిపించింది. ఇన్నేళ్ళల్లో ఒక బిడ్డ నా దిక్కు చూసి అట్ల అడగడం అదే మొదలు. "పోమ్మా, పో" అన్నాను. అప్పుడు పరిగెత్తింది. "అమ్మా" అని ఎంత గట్టిగా అరిచిందంటే వంటగదిలో గంటె పడిన చప్పుడయింది.

ఊరు ఏమనింది అంటే, ఏమీ అనలేదు. కిటికీ కాడ తల్లుల్లో ఒకామె బయటికొస్తా, "పిల్ల చేత అన్నినాళ్ళు అమ్మా అనిపించకుండా ఎట్ల ఉంచినాదబ్బా, రాతిగుండె" అనింది. మేము ఎవురికి భయపడినామో వాళ్ళన్నది అదొక్కటే. ఆదివారం మొగుడు వచ్చినప్పుడు కెజియా తానే అన్నీ చెప్పిందంట. పాపను చిత్తూరు పంపించనని గూడా చెప్పిందంట. అత్త కొన్నాళ్ళు మాట్లాడలేదు, మళ్ళా మామిడి ఊరగాయ పంపించింది.

ప్రిస్సీ మధ్యాహ్నాలు నా గదికి రావడం మానేసింది. రమ్మని నేను పిలవలేదు. ఒక సాయంత్రం గేటుకాడ ఆటో కోసం నిలబడి ఉంటే, కెజియా స్కూటీ ఆపి, "మేడమ్‌కు టాటా చెప్పు" అనింది. ఆ పిల్ల వెనకాల కూర్చోని, రెండు చేతులా తల్లి నడుము చుట్టేసి, చెంప వీపుకు ఆనించి ఉండాది. టాటా చెప్పేదానికి చెయ్యి ఖాళీ లేదు. స్కూటీ పోయింది. కెజియా మీద నాకు ముందెప్పుడూ లేనంత కుళ్ళు పుట్టింది. టీవీకి, జామకాయలకు పడిన కుళ్ళు దీని ముందర ఏమూలకూ రాదు.

ఈ కత మా వృత్తిలో కొత్తగా చేరిన పిల్లలకు నేను చెప్తా ఉంటాను. వస్తువు పాడయితే ఎవురు పాడు చేసినారు అని అడుగుతారు మీరు, అది పోలీసు అడిగేది. బడిలో అడగాల్సింది, ఎవురికి ఏం అందలేదు అని. కుళ్ళే పిల్ల చెడ్డ పిల్ల కాదు, పంక్తిలో ఆకు పడని పిల్ల. అందరికీ సమానంగా పంచినాం అనుకున్న చోటే ఎవురో ఒకరికి ఆకు పడకుండా ఉంటాది. ఒకరికి వడ్డించినామంటే ఇంకొకరి ఆకు లాగినామేమో అని గూడా చూసుకోవల్ల. ఇది నాకు ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు.

ఆఖరి ముక్క నాకు తెలిసింది స్కూటీ పోయిన మరుసటి పొద్దునే. ప్రేయరుకు ముందు కెజియా వరండాలో నడుస్తాండాది, కొంగు పట్టుకోని ప్రిస్సీ. గేటు దగ్గర వెన్నెల నిలబడి చూస్తాండాది. వాళ్ళమ్మ ట్రాక్టరెక్కి ఎప్పుడో పోయింటాది. రెండు చేతులూ వెనక్కి కట్టుకోని, కన్నార్పకుండా, ఆ కొంగునే చూస్తాండాది. ఆ చూపు యాడ మొదలయి యాడికి పోతాదో నాకు ఇప్పుడు బాగా తెలుసు.

బ్యాగు కింద పెట్టి దాని దగ్గరికి పోయినాను.

"ఏమే వెన్నెలా," అన్నాను, "కొప్పులో పువ్వు జారిపోతాండాది. రోంత సర్దుతావా?"

అది నమ్మనట్టు నా దిక్కు చూసింది. నేను ఆ కంకరలోనే గొంతుక్కూర్చోని తల వంచినాను.